చీకటి ఇంట్లో రెండు నిమిషాలు

హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో నిశాచర జంతువుల ఇల్లు ఒకటుంది. బయట బహదూర్‌పురా ఎండ, లోపల రాత్రి. పగలంతా మసక వెలుతురు ఉంచి, జనం వెళ్లిపోయాక రాత్రిపూట లైట్లు వేస్తారు. లైట్లు వెలిగితే జంతువుకు తెల్లారినట్టు, పడుకుంటుంది. మనం టికెట్ కొనుక్కుని వెళ్లేసరికి దానికి రాత్రయి, మేలుకొని ఉంటుంది. గబ్బిలాలు, గుడ్లగూబలు, పునుగుపిల్లులు, దేవాంగపిల్లి, అన్నిటికీ ఇదే ఏర్పాటు.

ఆ ఇంటి గురించి జనం ఏమనుకుంటున్నారో తెలియాలంటే రివ్యూలు చదవక్కర్లేదు. బయటికొచ్చే దారి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు. "ఏం కనవడ్తలేదు." "అబ్బ, ఏం వాసన!" "పోరగాండ్లు భయపడ్డరు." "గింత సేపట్ల పులిని ఇంకోసారి చూసొస్తుంటిమి." ఒక కాలేజీ అమ్మాయి మాత్రం పక్కనున్న స్నేహితురాలితో, "పాపం కదా, వాటికి పగలూ రాత్రీ తేడా లేకుండా చేసేశారు," అంది.

నాతో పాటు నిలబడి ఆ మాట విన్నది మా బాపు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి.

ముందు 'కనవడ్తలేదు' సంగతి. మేముండే కరీంనగర్‌లో మానేరు డ్యామ్ దగ్గర జింకల పార్కు ఉంది. అక్కడ ఈ ఫిర్యాదు ఎవరూ చెయ్యరు. కంచె దగ్గరికి పోతే జింక కనబడుతుంది, ఫోటో దిగి వస్తారు. నిశాచరాల దగ్గర అలా కుదరదు. ఎండలోంచి చీకట్లోకి వచ్చిన కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మసకలో చూసే రాడ్ కణాలు నిదానంగా తేరుకుంటాయి. మనవాళ్లు లోపల ఉండేది మహా అయితే రెండు నిమిషాలు. అందులో ఒక నిమిషం ఎవరిదో ఫోన్ లైటు. ఆ లైటు ఒక్కసారి కంట్లో పడితే అప్పటిదాకా కుదిరిన చూపు మళ్లీ మొదటికొస్తుంది.

బాపుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. లోపలికి పోగానే గోడకు ఒరిగి, "జర ఆగు బిడ్డా. కండ్లు మూస్కో. తొందరపడకు," అన్నాడు. బాయిలోకి కొత్తగా దిగినోళ్లకు కూడా ఇదే చెప్పేవాడట. చాలాసేపటికి కొమ్మల మధ్య నుంచి దేవాంగపిల్లి తేలింది. ముందు రెండు గుండ్రటి కండ్లు, తర్వాత సన్నటి చేతులు. ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ అందుకోవడానికి అది ఎంత తీరిక తీసుకుందో! మేం చూస్తుండగానే మూడు కుటుంబాలు వచ్చి, ఏమీ లేదని వెళ్లిపోయాయి.

ఇక 'పాపం' సంగతి. బయటికొచ్చాక బాపును అడిగాను, ఆ అమ్మాయి అన్నది నిజమేనా అని.

"దానికి వారం వారం షిఫ్టు మారది గద. నయమే," అన్నాడు.

ఆ మాట వెనక ఎంత శాస్త్రం ఉందో తర్వాత తెలిసింది. ఒంట్లో గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఆ గడియారాన్ని రోజూ సరిచేసేది ముఖ్యంగా వెలుతురు. జూలో వెలుతురును పూర్తిగా తిప్పేశారు, ఏడాది పొడుగునా అలాగే ఉంచుతారు. కాబట్టి జంతువు గడియారం కూడా తిరిగి, కుదురుకుంటుంది. బాపుకు అట్లా కాదు. ఒక వారం ఫస్ట్ షిఫ్టు, ఒక వారం సెకండ్, ఒక వారం నైట్. నైట్ దిగి పైకి రాగానే ఎదురుగా సూర్యుడు. ఒళ్లు తిరగబోతుంటే మళ్లీ షిఫ్టు మారేది.

అట్లని ఆ అమ్మాయి జాలి తప్పని నేను అనను. జంతువును మన టైముకు తెచ్చుకోవడమొక్కటే దారి కూడా కాదు. సింగపూర్‌లో 1994లో మొదలైన నైట్ సఫారీ చీకటి పడ్డాకే తెరుస్తారు. అక్కడ నిద్ర మానుకోవాల్సింది మనుషులు. చూడాలన్న కోరిక మనదైనప్పుడు వేళ మార్చుకోవాల్సింది కూడా మనమే అనిపిస్తుంది. కానీ జాలికి కూడా కన్ను అలవాటు పడే టైము ఇవ్వాలి. పగటి నిద్ర పోయే జీవాలు మన క్వార్టర్లలో, మన హాస్టళ్లలో, మన కాల్ సెంటర్ల బస్సుల్లో కూడా ఉన్నాయి. వాటి గురించి 'పాపం' అని ఎవరూ గట్టిగా అనగా నేను వినలేదు.

గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు ఒకటే కిటికీ. నైట్ షిఫ్టు వారం వస్తే అమ్మ దానికి మందపాటి చద్దరు కట్టేది. కుక్కర్ పెట్టేది కాదు, అన్నం గిన్నెలో వండేది. కూరగాయల బండి అరుపు వినబడితే ఎదురెళ్లి, గేటుకు అవతలే ఆపేది. మమ్మల్ని వాకిట్లో కూర్చోబెట్టి, "సప్పుడు చెయ్యకుండ్రి, బాపు పన్నడు," అనేది. పట్టపగలు ఒక మనిషికి రాత్రి చేసి పెట్టడం చిన్న పనేం కాదు. ముప్పై ఏళ్లు ఆ పని చేసింది ఆమె. దానికి షిఫ్టూ లేదు, రిటైర్మెంటూ లేదు.