ఓడలు పుట్టిన కోరంగి

వైశాలిలో మా పక్క ఫ్లాట్‌వాళ్లు కాకినాడ వెళ్తున్నారు. కోరంగి మడ అడవుల్లో పడవ షికారట. మంచిదే. కానీ అది ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అని చెప్పకుండా ఉండలేకపోయాను.

1802లో ఎబెనెజర్ రోబక్ అక్కడ యుద్ధనౌకల మరమ్మతుకి డాక్ కట్టించాడు. అతని తండ్రి జాన్ రోబక్, 1759లో స్కాట్లండ్‌లో కారన్ నది ఒడ్డున పేరుమోసిన ఇనుప కర్మాగారం పెట్టినవాళ్లలో ఒకడు! ఎక్కడి కారన్, ఎక్కడి గోదావరి!

1839 తుపాను కోరంగిని ముంచేసింది. మిగిలిన రేవును గోదావరి ఒండ్రు మెల్లగా పూడ్చేసింది. వ్యాపారం కాకినాడకి తరలిపోయింది. రంగూన్ ఓడలెక్కిన మనవాళ్లకి మాత్రం బర్మాలో కోరంగివాళ్లనే పేరు నిలిచింది.

పక్కనే తాళ్లరేవులో కర్ర పడవలు కట్టే వడ్రంగుల పనితనం ఉంది. దాన్ని పిల్లలకి చూపించే మంచి మ్యూజియం కోరంగిలో ఉండాలని నా గట్టి కోరిక.