పొందూరులో చెయ్యి తిరగాలంటే...

'చెయ్యి తిరిగిన పనివాడు' అంటుంటాం కదా! ఆ మాట ఎలా పుట్టిందో చూడాలంటే పొందూరు వెళ్లాలి. శ్రీకాకుళానికి 20 కిలోమీటర్ల దూరం. హౌరా-చెన్నై రైలు మార్గంలో ఊరి పేరుతోనే స్టేషనుంది. బయటివాళ్లకు పొందూరంటే సన్నఖద్దరు, అక్కినేని నాగేశ్వరరావు ముచ్చటపడి కట్టిన పంచె. దాని వెనకున్న సాధన తెలియాలంటే మాత్రం దుకాణం దాటి వీధుల్లోకి నడవాలి. రాట్నం ముందు కూర్చున్న పెద్దామె చేతుల్ని కాసేపు చూడాలి.

పని రాట్నంతో మొదలవదు, చేప దవడతో మొదలవుతుంది! గోదావరి వైపు నుంచి వచ్చే వాలుగ చేప దవడ ఎముకకు సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. ఆ దువ్వెనతో కొండపత్తిని గింజతో సహా దువ్వుతారు. చెత్త రాలిపోతుంది, పోగులన్నీ ఒకవైపుకు సర్దుకుంటాయి. తర్వాత చెక్కపలక మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజలు తీస్తారు. దూదిని ఏకి, ఏకులు చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. ఇంత చాకిరీ అయ్యాకే వడకడం.

అసలు విద్య అక్కడుంది. కుడిచెయ్యి 24 ఆకుల రాట్నాన్ని తిప్పుతుంది. ఎడమచెయ్యి ఏకును వెనక్కి లాగుతుంది. చూడ్డానికి అంతే. లాగుడు ఎక్కువై తిప్పుడు తగ్గితే పోగు పటుక్కున తెగుతుంది. తిప్పుడు ఎక్కువైతే మెలికలు పడుతుంది. వేళ్లు కాస్త గట్టిగా పట్టుకుంటే ఒకచోట లావు, ఒకచోట సన్నం. చెయ్యిచాచినంత దారం వచ్చాక రాట్నాన్ని రవంత వెనక్కి తిప్పి, కదురుకు చుట్టి, మళ్లీ మొదలు. పొద్దస్తమానం అదే పని. కొన్నేళ్లు గడిచేసరికి లెక్క కళ్లనుంచి వేళ్లకు దిగుతుంది. పొరుగామెతో కబుర్లాడుతూనే వడుకుతారు!

గోల్ఫ్ ఆటలోనూ ఇలాంటిదే ఉంది. కర్ర బంతిని తాకి ఉండేది సెకనులో దాదాపు రెండువేలో వంతు. ఆ క్షణంలో దిద్దుకోవడానికి వ్యవధే ఉండదు. అందుకే ఆటగాళ్లు మైదానంలో బుట్టలకొద్దీ బంతులు కొట్టి చేతికి అలవాటు చేస్తారు. బలంగా కొట్టాలని బిగుసుకుంటే బంతి దారి తప్పుతుంది. ఇక్కడ బిగుసుకుంటే పోగు చెడుతుంది.

ఇంతకీ ఎంత సన్నం? నూరో నంబరు నూలంటే ఒక పౌను, అంటే అరకిలో కూడా లేని పత్తి నుంచి 84 వేల గజాల దారం. దాదాపు 77 కిలోమీటర్లు! శ్రీకాకుళంలో ఒక కొస పట్టుకుంటే రెండో కొస విజయనగరం దాటుతుందన్నమాట. ఈ సన్నదనం విని గాంధీజీ ఆశ్చర్యపోయారు. పని తీరు చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పంపారు. 'యంగ్ ఇండియా'లో ఈ ఊరి గురించి రాశారు. తర్వాత 1949లో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. 1955లో దాని భవనానికి వినోబా భావే శంకుస్థాపన చేశారు.

ఘనతకేం లోటు లేదు. లోటంతా చేతులకే. రాట్నం ముందు కూర్చునేవాళ్లలో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ. చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని, తెంపీ అతికీ నేర్చుకున్నవాళ్లు. కూలి చిలపల లెక్కన వస్తుంది. మరి నేర్చుకునే రోజుల్లో తెగిన దారానికి, గడ్డలు కట్టిన నూలుకు కూలి ఎవరిస్తారు? ఒకప్పుడు ఆ ఖర్చు ఇల్లే భరించేది. ఇప్పుడు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలకు వెళ్తున్నారు. వెళ్లొద్దని ఎవరనగలరు? కొత్త రాట్నాలు చేయించడం తేలికే. చెయ్యి తిరిగేదాకా తిండి పెట్టే ఏర్పాటు లేకపోతే వాటిముందు కూర్చునేదెవరు?

పొందూరు వెళ్తే పంచె ధర చూసి బేరానికి దిగేముందు ఎవరి అరుగు మీదైనా కాసేపు కూర్చోండి. ఏకు చేతికిస్తే ఓసారి లాగి చూడండి. జానెడైనా సాగకుండానే తెగుతుంది. పెద్దామె నవ్వి, రెండు కొసలూ వేళ్లమధ్య నలిపి అతికేసి, మళ్లీ మీ చేతికే ఇస్తుంది.