పేరు నిలిచిన పుట

ఏ ఇంటనైనా పూర్వుల జ్ఞాపకం మూడు తరాలకు మించి నిలవడం అరుదు. తాత పేరు అందరికీ తెలిసే ఉంటుంది. ముత్తాత పేరు ఏ మనుమనికో పెట్టుకొన్నందువల్ల మిగులుతుంది. ముత్తవ్వ పేరు చెప్పమంటే మాత్రం ముసలివారు కూడ ఒకరి ముఖం ఒకరు చూచుకొంటారు. కనుక వంశాన్ని తెలుసుకోగోరినవాడు ఏదో ఒకనాడు నోటిమాటను దాటి కాగితాన్ని ఆశ్రయింపక తప్పదు. మన దేశంలో ఆ కాగితం అందరికీ ఒకేచోట దొరకదు. తీర్థయాత్రలు చేసినవారికి హరిద్వారంలోను, గయలోను పండాల పుస్తకాలున్నవి. భూమి కలవారికి కరణాల లెక్కలున్నవి. యాత్రకు పోలేక, సెంటు భూమియైనా లేక బ్రతికినవారి పేర్లు ఎక్కడున్నవి? వారిలో కొందరి పేర్లను చర్చి పుస్తకాలు దాచి ఉంచినవి.

చర్చి ఈ పుస్తకాలను మునిమనుమల కొరకు వ్రాయలేదు. బాప్తిస్మం పొందినది ఎవరు, పెండ్లికి అర్హులెవరు, మరణించినది ఎవరు అన్న విషయాలు దానికి కావలసి వచ్చినవి. ఇంగ్లండులో 1538లో థామస్ క్రామ్వెల్ ప్రతి పారిష్ చర్చిలోను ఇట్టి పుస్తకం ఉండవలెనని ఆజ్ఞాపించినాడు. కేథలిక్ గురువులకు ట్రెంట్ మహాసభ 1563లో ఇదే విధిని ఏర్పరచినది. ఐరోపావారి ఓడలతోపాటు ఈ ఆచారమూ మన తీరాలకు చేరినది. మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చి 1680లో ప్రతిష్ఠింపబడినది. ఈస్టిండియా కంపెనీ గురువులు వ్రాసిన పుస్తకాల నకళ్ళు లండనుకు పంపబడేవి. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి.

1689 ఆగస్టులో ఆ సెయింట్ మేరీ చర్చిలోనే ముగ్గురు అక్కచెల్లెండ్రకు బాప్తిస్మం జరిగినది. వారి తండ్రి జాబ్ చార్నాక్, మరుసటి సంవత్సరం హుగ్లీ తీరాన సుతానుటిలో కంపెనీ స్థావరాన్ని నెలకొల్పినవాడు. తండ్రి పేరు లోకమంతా ఎరుగును. ఆ పిల్లల తల్లి భారతీయురాలంటారు. ఆమె స్వంత పేరేమిటో చరిత్రకు నిశ్చయంగా తెలియదు. రెండు వందల సంవత్సరాల తరువాతకూడ పరిస్థితి పెద్దగా మారలేదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఏర్పడిన పెండ్లి రిజిస్టరులో వధూవరుల పేర్లు, వయస్సు, వృత్తి, నివాసం, తండ్రుల పేర్లు వ్రాయడానికి గడులున్నవి. తల్లి పేరుకు గడి లేదు. అడగని ప్రశ్నకు ఏ పుస్తకమూ సమాధానం చెప్పదు. అందుచేత పుస్తకం చేతికి రాగానే వెదికేవాడు మొదట గమనింపవలసినది అది ఏమి అడిగినదన్న సంగతి.

ఒంగోలు ప్రాంతంలో ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకడు ఈ సత్యాన్ని తన ఇంటి కథలోనే గ్రహించినాడు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన కరువు ఆ సీమను మాడ్చివేసినది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కంట్రాక్టు తీసుకొని బీదలకు పని కల్పించినాడు. కూటి కొరకు మతంలో చేరినారన్న మాట రాకుండ, కరువు సాయం జరిగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపివేసినాడు. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందినారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ అంకె చరిత్ర గ్రంథాలలోకి ఎక్కినది. కాని వంశాన్ని వెదికేవానికి అంకెతో పనిలేదు. అందులో ఒక్కరి పేరు కావలెను.

మాస్టారు తెలిసినదానినుంచి తెలియనిదానికి నడిచినాడు. తండ్రి పెండ్లి రిజిస్టరులో తాత పేరు, ఊరి పేరు దొరికినవి. ఆ ఊరి సంఘపు పాత పుస్తకాన్ని అయ్యగారు పెట్టెలోనుంచి తీసి ఇచ్చినారు. అంచులు చెదలు తిన్న పుస్తకం. ఒకే పేరువారు ఒక్క పుటలోనే నలుగురున్నారు. తండ్రి పేరునుబట్టి, పల్లెనుబట్టి వారిని వేరు చేయవలసి వచ్చినది. పుట్టిన తేదీలు ఎక్కడా లేవు. బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇయ్యరు. పెరిగి, తన నోట విశ్వాసం ఒప్పుకొన్నవానికే ఇస్తారు. కనుక ఆ తేదీని పుట్టినరోజుగా భ్రమపడితే ఒక తరం తలక్రిందులగును.

సాయంకాలానికి ముత్తాత పేరు కనిపించినది. దానిమీద అడ్డంగా గీత, ప్రక్కన "వెలి" అన్న ఒక్క మాట. కారణం వ్రాసి లేదు. ఆయన చివరి దినంవరకు సంఘపెద్దగా ఉన్నాడని ఇంట చెప్పుకొంటూ వచ్చినారు.

"దొరికినదా, మాస్టారూ?" అని అయ్యగారు అడిగినారు.

"దొరికినదండి" అన్నాడు మాస్టారు. ఇంకేమీ చెప్పలేదు.

కొంతసేపటికి ఆయన చూపు క్రింది పంక్తిపై పడినది. అక్కడ ముత్తవ్వ ఉన్నది. "ఫలానావాని భార్య" అని భర్త పంక్తిలో ఇరికించలేదు. ఎవరి విశ్వాసం వారే ఒప్పుకొనవలెనన్న నియమం వల్ల ఆమెకు వేరే సంఖ్య, వేరే పంక్తి, స్వంత పేరు దక్కినవి. దానిమీద గీత లేదు. ఇంట మూడు తరాలుగా ఎవ్వరూ పలుకని మూడక్షరాల పేరు అది.

మాస్టారు రెండు పంక్తులనూ ఉన్నవి ఉన్నట్లుగా నకలు వ్రాసుకొన్నాడు. గీతను విడిచిపెట్టవలెనన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. కాని ముత్తాత గీతను దాచిన చేయి ముత్తవ్వ పేరును చూపితే దానిని ఎవరు నమ్ముతారు? ఆ పుటకంటే వెనుకకు దారి లేదు. అంతకు పూర్వం ఆ కుటుంబం ఎవరి పుస్తకంలోను లేదు. ఇల్లు చేరిన తరువాత ఆయన మనుమరాలిని పిలిచి, ఆ మూడక్షరాలను ఆమెచేత బిగ్గరగా చదివించినాడు.