స్మృతిభ్రంశం ఎవరిది?

పతంజలి మహర్షి చిత్తవృత్తులను ఐదుగా విభజించి, స్మృతిని వాటిలో చివరిదిగా పరిగణించాడు. అనగా స్మృతి చిత్తానికి చెందిన ఒక వృత్తి మాత్రమే; ఆ వృత్తికి సాక్షియైన ద్రష్ట దానికంటె వేరు. సత్సంగంలో ఈ మాట విని తల ఊపటం సులభం. కన్నతండ్రి ఎదుట నిలిచి "మీరెవరు బాబూ?" అని అడిగినప్పుడు దానిని నిలుపుకొనటం దుష్కరం.

ఒక గృహస్థు ఇంట ఈ ప్రశ్న నిత్యకృత్యమైంది. విశ్రాంత ఉపాధ్యాయులైన అతని తండ్రికి అల్జీమర్స్ వ్యాధి సంక్రమించింది. ఉదయం భుజించిన సంగతి మధ్యాహ్నానికి మరచి, "నాకు అన్నం పెట్టటం లేదు" అని పొరుగువారితో చెప్పుకొంటారు. సంధ్యవేళకు అలజడి అధికమై, తమ ఇంటనే కూర్చుండి "ఇంటికి పోదాం పద" అంటారు. అయినను, ఎవరైనా విష్ణుసహస్రనామం ఆరంభిస్తే, బాల్యంలో కంఠస్థమైన ఆ నామాలను తడబడక పలుకుతారు. ఈ వ్యాధిలో సాధారణంగా నూతన స్మృతులు ముందు నశించి, పురాతన సంస్కారాలు చిరకాలం నిలుస్తాయి.

రాత్రులు నిద్ర లేదు. కోడలు పుట్టింటి గడప తొక్కి రెండేళ్ళయింది. ఒక సాయంకాలం అదే ప్రశ్న పదవసారి వినవచ్చినప్పుడు కుమారుడు గట్టిగా కసిరాడు. వృద్ధులు పరాయివానిని చూచినట్లు బెదరి గోడకు ఒదిగారు. కొద్దిసేపటికే ఆయన ఆ సంగతి మరచారు, కుమారుడు మరువలేకపోయాడు.

క్రోధం వలన సమ్మోహం, సమ్మోహం వలన స్మృతివిభ్రమం, దాని వలన బుద్ధినాశం కలుగుతాయని గీతాచార్యుడు ద్వితీయాధ్యాయంలో ఉపదేశించాడు. ఆ క్రమాన్ని ఈ ఇంటికి అన్వయిస్తే ఒక సత్యం తేటపడుతుంది. తండ్రి స్మృతి మెదడుకు కలిగిన రోగం వలన లోపించింది. అందులో ఆయన దోషం లేశమైనా లేదు. గీత హెచ్చరించిన స్మృతిభ్రంశం కలిగింది కుమారునికి. ఎదుట ఉన్నది ఎవరో, తాను ఎవరో క్షణకాలం మరచినవాడు అతడే.

అయితే ఆ క్రోధానికి మూలం క్రౌర్యం కాదు, అలసట. అతిగా మేల్కొనేవానికి యోగం సిద్ధించదని గీత షష్ఠాధ్యాయం చెబుతుంది. కావున సేవకుని నిద్ర భోగం కాదు, సేవకు అంగం. ఒక్కరే మోయటం తపస్సని భావించి తోబుట్టువులను దూరంగా ఉంచటం అవివేకం. రాత్రులను పంచుకొనటమే ధర్మం. "ఇదే మన ఇల్లు" అని వాదించటం కంటె, చేయి పట్టుకొని ప్రాంగణంలో నాలుగడుగులు నడిపించటం మేలు. ఉద్వేగం కలిగించని వాక్కు కూడా తపస్సే కదా!

మతిమరపు కనిపించగానే వార్ధక్యమని ఉపేక్షింపరాదు. బి12 విటమిన్ లోపం వలన, థైరాయిడ్ మాంద్యం వలన కలిగే మరపు చికిత్సతో తగ్గవచ్చు. అందుచేత వైద్యపరీక్ష ఆవశ్యకం. వృద్ధుల సహాయార్థం ఏర్పడిన జాతీయ దూరవాణి సంఖ్య 14567.

ఇటువంటి ఇంటికి వెళ్ళే సాధకులు "మీరెంత పుణ్యాత్ములు!" అని ప్రశంసించి మరలిపోతారు. దానికి బదులు రెండు గంటలు ఆ వృద్ధుల చెంత కూర్చుంటే, ఆ ఇల్లాలు నిశ్చింతగా కన్ను మూస్తుంది. ఆమెకు లభించిన ఆ నిద్రయే భగవంతునికి అర్పించిన నైవేద్యం.