పేరు మారిన కణితి

మాటల బరువు అనువాదకునికి తెలిసినంతగా మరొకరికి తెలియదని నాకు చిరకాలంగా ఒక గర్వం ఉండేది. మా అక్క మెడలో పుట్టిన చిన్న కణితి ఆ గర్వాన్ని పోగొట్టింది.

బావగారి ఉద్యోగరీత్యా వారు ఉత్తరదేశంలో స్థిరపడ్డారు. 2014లో అక్కకు థైరాయిడ్ గ్రంథిలో కణితి కనబడగా, సగం గ్రంథిని కోసి తీసివేశారు. నేను అప్పుడు అక్కడనే ఉన్నాను. వైద్యుడు దానిని హిందీలో 'గాంఠ్' అన్నాడు. దారానికి పడిన ముడికి, మనసులో పడిన ముడికి, దేహంలో లేచిన గడ్డకు హిందీలో అదే మాట; మన 'గ్రంథి' శబ్దమే దానికి మూలం. పరీక్షాపత్రం మాత్రం ఆంగ్లంలో వచ్చింది. "తమ్ముడూ, దాచకుండా చెప్పు, ఇందులో ఏమున్నది?" అని అక్క అడిగింది. 'కార్సినోమా' అని ఉన్నది. "క్యాన్సర్" అన్నాను. అనువాదంలో దోషం లేదు. కాని ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

తరువాత ఈ పేర్ల సంగతి తెలుసుకొనవలెనన్న పట్టుదల నాకు కలిగింది. ప్రాచీన గ్రీకు వైద్యులు ఈ వ్యాధిని పీత పేరుతో పిలిచారు. లాటిను 'క్యాన్సర్' అన్నా పీతయే. నేటి వైద్యులు కణితి ఏ కణజాలంలో పుట్టినదో, దాని నడవడి ఎట్టిదో చూచి పేరు పెడతారు. 'ఓమా' అన్న ప్రత్యయం కణితిని తెలుపుతుంది. కొవ్వులో పుట్టిన నిరపాయమైన గడ్డ లైపోమా. అవయవాల పైపొరలలోను, గ్రంథులలోను పుట్టే దుష్టకణితి కార్సినోమా; ఎముక, కండరం వంటి వాటిలో పుట్టేది సార్కోమా. అయితే మెలనోమా, లింఫోమా అన్నవి వినడానికి లైపోమాకు తోబుట్టువులవలె ఉన్నా, రెండూ దుష్టమైనవే. పేరును బట్టి నడవడిని నిర్ణయించరాదు.

2016లో మరొక విశేషం జరిగింది. థైరాయిడ్ కార్సినోమాలలో ఒక ఉపజాతి ఉన్నది. దాని చుట్టూ ఉన్న తొడుగును గాని, రక్తనాళాలను గాని కణితి చొరబడనప్పుడు దానిని కార్సినోమా అనరాదని వివిధ దేశాల నిపుణులు నిర్ణయించి, పేరులోనుంచి ఆ మాటనే తొలగించారు. అట్టి కణితి తీసివేసిన 109 మందిని 10 ఏళ్లు మొదలు 26 ఏళ్ల వరకు గమనించగా, అందరూ జీవించియే ఉన్నారు. ఎవరిలోను రోగచిహ్నం లేదు. పేరు కలిగించే భయం వలన రోగులు అనవసరమైన చికిత్సకు లోనవుతున్నారన్నది వారి వాదం. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణలోను కొత్త పేరు చేరింది.

భద్రపరచి ఉంచిన అక్క గాజుపలకలను వైద్యులు మరల పరీక్షించి, నేడైతే దీనికి ఆ పాత పేరు పెట్టబోమన్నారు. ఆ వార్త ఫోనులో చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మరి ఆ రెండేళ్లు నాకెవరిస్తారురా?" అన్నది.

నావద్ద సమాధానం లేకపోయింది. మాంసం అదే, గాజుపలక అదే. మారినది మాట ఒక్కటే. ఇప్పుడు ఎవరైనా వైద్యపత్రం తెచ్చి అర్థం చెప్పమంటే మాటకు అర్థం చెప్పి ఊరుకోను. "దీని నడవడి ఎట్టిదో వైద్యుని అడగండి, నేనూ మీ వెంట వస్తాను" అంటున్నాను.