తాంబూలాలు పుచ్చుకున్నాకే రశీదు



పోయిన సర్వసభ్య సమావేశంలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. విద్యానిధికి ఇచ్చిన రశీదులు కూడితే, జమాఖర్చుల్లో ఉన్న సొమ్ముకన్నా 23,000 రూపాయలు ఎక్కువ తేలింది. పైకి ఎవరూ ఏమీ అనలేదు గానీ చూపులన్నీ కోశాధికారి మాస్టారి వైపే తిరిగాయి. ఆయన మారు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. మర్నాడు బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చి మా ముందు పెట్టారు. రశీదుల లెక్కకు సరిగ్గా, రూపాయి తేడా లేకుండా, సొమ్ము బ్యాంకులో ఉంది. తప్పు మేము రాసిన ప్రోగ్రాముది. సంఘం కంప్యూటర్ల పని చూసే మేమిద్దరం ఆ తప్పేమిటో మీకు చెప్పుకోవాలి.

మన లెక్కలు రెండు చోట్ల ఉంటాయి. సభ్యుల పట్టిక, రశీదులు పాత సర్వర్‌లో, మైఎస్‌క్యూఎల్ 5.6లో. జమాఖర్చులు ఈ మధ్యే 8.0కు మార్చాం. ప్రతి రశీదుకూ రెండు చోట్లా పద్దు పడాలి. ప్రోగ్రాముకూ డేటాబేసుకూ మధ్య మాటలు చేరవేసేది డ్రైవరు. కౌంటర్‌లోని కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త డ్రైవరు వేశాం. గుమ్మం పక్కనున్న పాత కంప్యూటర్‌ని మాత్రం మర్చిపోయాం. 8.0 నుంచి, మనం వేరే ఏదీ చెప్పకపోతే, పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మారింది. పాత డ్రైవరుకు ఆ పద్ధతి తెలియదు. అందుకని పాత కంప్యూటర్ నుంచి రశీదు పడేది, జమ పడేది కాదు. ఆ లోపాన్ని మా ప్రోగ్రాము ఒక ఫైల్లో రాసుకుని ఊరుకునేది. ఆ ఫైలు మేము ఒక్కనాడూ తెరవలేదు. పైగా ఇలా తప్పిన ప్రతిసారీ రశీదుల వైపు కనెక్షన్ మూసేది కూడా కాదు. మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ఒకేసారి 151 కనెక్షన్లకే చోటు. రద్దీ రోజున ప్రోగ్రాము ఆగిపోతే నెట్‌వర్క్‌ని తిట్టుకున్నాం.

డ్రైవర్లు ఒకటి చేసినంత మాత్రాన సరిపోదని తర్వాత తెలిసింది. రెండు చోట్లా పడాలి, లేదా రెండు చోట్లా పడకూడదు. దీనికి ఎక్స్‌ఏ అనే పద్ధతి ఉంది. మన పెళ్ళి సంబంధంలాంటిదే. ముందు రెండు వైపులా 'సిద్ధమేనా' అని అడిగి తాంబూలాలు పుచ్చుకోవాలి. ఇద్దరూ ఒప్పుకున్నాకే ముహూర్తం. ఒక్కరు కాదన్నా సంబంధం లేదు. తాంబూలాలు పుచ్చుకున్న ఇల్లు, మధ్యవర్తి వచ్చి మాట చెప్పేదాకా ఇంకో సంబంధం చూడకూడదు.

ఇదీ రాసి పరీక్షించాం. తాంబూలాలు అయ్యాక, ముహూర్తానికి ముందు, కావాలనే కరెంటు తీసేశాం. 8.0 మాట నిలబెట్టుకుంది. ఎక్స్‌ఏ రికవర్ అని అడిగితే, ఆగి ఉన్న పద్దును చూపించింది. 5.6 మాత్రం కనెక్షన్ తెగగానే ఇచ్చిన మాట మర్చిపోయి పద్దు రద్దు చేసింది. 5.7.7 ముందు వెర్షన్లన్నిటి తీరూ అంతే. అంటే మళ్ళీ సగమే పెళ్ళి! అందుకే పాత సర్వర్‌ని కూడా 8.0కు మార్చాం. ఇప్పుడు రెండు చోట్లా పద్దు ఖాయమైతేనే రశీదు ప్రింటవుతుంది. లేకపోతే తెర మీద ఎర్రటి అక్షరాలు వస్తాయి. రశీదు రాలేదంటే కౌంటర్‌లో ఉన్నవాళ్ళు చేత్తో రాసివ్వకండి, మాకు ఫోన్ చేయండి. మీ ఇంట్లోని పాత కంప్యూటర్‌లో ఈ ప్రోగ్రాము ఉంటే తీసేయండి.

జమ పడని 23 రశీదులూ మాస్టారి చేతిరాత పుస్తకంతో సరిచూసి ఎక్కించాం. ఆ పుస్తకం ఎందుకని రెండేళ్ళ కిందట ఆయనతో వాదించినవాళ్ళం మేమే.

మాస్టారూ, సమావేశంలో మేము కూడా తల దించుకుని కూర్చున్నాం. ఆ రోజే లేచి 'ముందు ప్రోగ్రాము చూద్దాం' అనాల్సింది. అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాం.

మొన్న ఆదివారం ఆయన కౌంటర్‌కి వచ్చారు. రశీదు చేతిలోకి తీసుకుని, "రెండు చోట్లా పడిందా నాయనా?" అని అడిగారు. పడిందని తెర తిప్పి చూపించాం. అయినా జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు. ఈసారి మేమేమీ అనలేదు.