టాబ్లెట్ కొనాలా, వద్దా? ఒక వైద్యుని విచారణ

టాబ్లెట్ అంటే నాకు నిన్నమొన్నటి దాకా మాత్రే. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినన్నాళ్ళూ చీటీల మీద రాసిన మాట అది. డెబ్బై నాలుగో ఏట అదే పేరుగల మరో వస్తువును కొనాలా వద్దా అనే మీమాంసలో పడతానని అనుకోలేదు.

2025 మార్చిలో ఆపిల్ సంస్థ ఏ16 చిప్పుతో కొత్త ఐప్యాడ్‌ను విడుదల చేసింది. మన దేశంలో అప్పటి ప్రారంభ ధర 34,900 రూపాయలు. బరువు అరకిలోకు కాస్త తక్కువ, 477 గ్రాములు. వెనుకటి నమూనాలో 64 గిగాబైట్లతో మొదలైన నిల్వ సామర్థ్యం ఇందులో 128తో మొదలవుతుంది. వార్త చూసిన మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, కొత్తది వచ్చింది, పంపించనా?" అంది. రెండు వారాలు గడువు అడిగాను. ఆ రెండు వారాల్లో నేను చేసిన విచారణ మీలో కొందరికైనా ఉపయోగపడవచ్చునని ఇది రాస్తున్నాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన వారికి ఒక దృశ్యం సుపరిచితం. ఖరీదైన యంత్రం వస్తుంది. దాన్ని నడిపే మనిషి ఉండడు, లేదా దానికి తగిన కరెంటు ఉండదు. చెక్కపెట్టె విప్పకుండానే యంత్రం ఒక మూల మిగిలిపోతుంది. అలాంటివి చూసీ చూసీ, ఏ వస్తువు కోసం ఇండెంటు రాయవలసి వచ్చినా కొత్త మందును చూసినట్టే చూడడం అలవాటైంది. ఏ బాధకు ఇది? ఎవరికి కూడదు? మోతాదు ఎంత? ఇంతకన్నా చవకైనది సరిపోదా? ఐప్యాడ్‌ను కూడా ఈ నాలుగు ప్రశ్నల ముందే నిలబెట్టాను.

మొదట బాధ సంగతి. నాకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. చూపు బాగుపడింది. అయితే గత సంవత్సరం పరీక్షలో కుడికంట వయసుతో వచ్చే మాక్యులా క్షీణత, పొడి రకం, బయటపడింది. మాక్యులా అంటే రెటీనా మధ్యభాగం. చదవడానికీ, ముఖాలు గుర్తుపట్టడానికీ ఆధారం అదే. పత్రికలో 'ప'కూ 'వ'కూ, 'మ'కూ 'య'కూ తేడా తెలియడానికి తడుముకుంటున్నాను. ఒత్తులు మసకబారిపోతున్నాయి. పావుగంట చదివేసరికి అలసట వస్తోంది. పదవీ విరమణ తరువాత నాకు మిగిలిన వ్యాపకం చదువు ఒక్కటే. అది కూడా జారిపోతుందేమోనన్న భయం నన్ను కొన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదు. కాబట్టి నా అవసరం స్పష్టమే: అక్షరం పెద్దది కావాలి, నలుపు తెలుపుల తేడా ప్రస్ఫుటంగా ఉండాలి.

మందును ముందుగా కొద్దిరోజులు వాడి చూసే పద్ధతి మా వైద్యంలో ఉంది. మా అమ్మాయి ఎప్పుడో వదిలివెళ్ళిన పాత టాబ్లెట్ బీరువాలో ఉంటే దానికి ఛార్జింగ్ పెట్టాను. ఒక వారం పత్రిక, ఒక వారం టాబ్లెట్. అదే కుర్చీ, అదే ఉదయపు వెలుతురు. ఎన్ని నిమిషాలు చదవగలిగానో రోజూ డైరీలో రాసుకున్నాను. పత్రిక మీద సగటున పదిహేను నిమిషాలు. టాబ్లెట్ మీద అక్షరాలను బాగా పెంచి, నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు పెట్టుకుంటే నలభై నిమిషాలు. ఇది ఒక్క మనిషి మీద జరిగిన పరీక్ష, శాస్త్రం కాదు. కానీ నిర్ణయం తీసుకోవలసినవాణ్ణీ ఆ ఒక్క మనిషినే గదా! ఫోనులోనూ అక్షరం పెంచవచ్చు. అయితే అంత పెంచితే వరుసకు రెండు మూడు మాటలే పడతాయి, వాక్యం తెగిపోతుంది. తెర వెడల్పు వల్ల కలిగే ప్రయోజనం అక్కడే తెలిసింది.

"తెర వెలుగు ఉన్న చూపును కూడా పోగొడుతుంది" అని బంధువులు హెచ్చరించారు. తెరల నుంచి వచ్చే నీలికాంతి మోతాదు పగటి వెలుతురులో ఉండేదానితో పోలిస్తే చాలా స్వల్పం. అది మాక్యులాను దెబ్బతీస్తుందనడానికి బలమైన ఆధారం లేదు. నీలికాంతిని అడ్డుకునే కళ్ళద్దాలపై 17 పరీక్షలను సమీక్షించి 2023లో వెలువడిన కాక్రేన్ నివేదిక, కంటి అలసటను తగ్గించడంలో వాటివల్ల ప్రయోజనం ఉండకపోవచ్చునని తేల్చింది. ఆ అద్దాలకు పెట్టే డబ్బు మిగుల్చుకోవచ్చు.

అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు ఆర్పే రెప్ప, తెర చూస్తున్నప్పుడు అందులో సగానికి పడిపోతుంది. కన్ను పొడిబారి మండుతుంది. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరాన ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడడం, మనసుపెట్టి రెప్పలార్పడం దీనికి విరుగుడు. రెండోది నిద్ర. అమెరికాలోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు పన్నెండు మందిపై జరిపిన అధ్యయనంలో, పడుకునే ముందు కొన్ని గంటలు వెలిగే తెరపై పుస్తకం చదివినవారికి, అచ్చు పుస్తకం చదివినప్పటికన్నా నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఎక్కువ పట్టింది. మూడోది మెడ. ఒడిలో పెట్టుకుని తలవంచి చూసేకొద్దీ మెడ వెన్నుపూసలపై భారం పెరుగుతుంది. కనుక నాకు నేను రాసుకున్న చీటీ ఇది: ఉదయం నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు, బల్లపై స్టాండు మీద ఉంచి. రాత్రి భోజనం తరువాత నిషేధం.

ఇక ఎవరికి కూడదు? మా అన్నయ్యగారికి పేస్‌మేకర్ ఉంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పడక్కుర్చీలో వెనక్కివాలి, చేతికందిన పత్రికను గుండెలమీద ఆనించుకుని చదవడం ఆయన అలవాటు. ఐప్యాడ్‌లోనూ, దాని కవర్లలోనూ అయస్కాంతాలుంటాయి. అయస్కాంతం మరీ దగ్గరగా వస్తే పేస్‌మేకర్ గుండె స్పందనను పట్టించుకోకుండా స్థిరవేగంతో కొట్టవచ్చు. డీఫిబ్రిలేటర్ అయితే అవసరమైన క్షణంలో షాకు ఇవ్వకుండా ఊరుకోవచ్చు. దూరం జరిపితే సాధారణంగా మళ్ళీ మామూలవుతుంది. అలాంటి పరికరం ఉన్నవారు దీన్ని ఛాతీకి కనీసం జానెడు దూరంలో ఉంచాలి, గుండెపై ఆనించుకుని నిద్రపోరాదు. ఈ మాట అన్నయ్యగారికి ముందే చెప్పాను.

చివరిది ఖర్చు. పాత టాబ్లెట్‌తో సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ దాని బ్యాటరీ గంటకే చతికిలబడుతోంది, భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు రావడం ఆగిపోయాయి. పింఛను ఖాతా వివరాలు చూసుకునే పరికరానికి ఆ రక్షణ లేకపోవడం మంచిది కాదు. కొత్త నమూనాలోని వేగవంతమైన చిప్పు నా చదువుకు చేసే మేలు ఏమీ లేదు. అయినా కొత్తదానికి అప్‌డేట్లు మరికొన్నేళ్ళు వస్తాయి. అందుచేత అన్నిటికన్నా తక్కువ ధరదే కొనాలని నిశ్చయించాను. కలం, కీబోర్డు, ఖరీదైన పెద్ద నమూనా, ఏవీ వద్దన్నాను. స్టాండు మాత్రం తప్పనిసరి అన్నాను.

అక్షరం మసకబారుతున్న పాఠకులకు ఒక విన్నపం. టాబ్లెట్ అక్షరాన్ని పెద్దది చేస్తుంది, జబ్బును నయం చేయదు. చదవడం సులువైంది గదా అని కంటి పరీక్ష మానుకుంటే, దాగిన వ్యాధి మరింత ముదురుతుంది. వారానికి రెండుసార్లయినా ఒక కన్ను మూసి, రెండో కంటితో గళ్ళ కాగితాన్నో, కిటికీ ఊచలనో చూడండి. తరువాత కన్ను మార్చండి. తిన్నని గీత వంకరగా కనిపించినా, మధ్యలో మచ్చలా తోచినా అది తడి రకం మాక్యులా క్షీణతకు సూచన కావచ్చు. దానికి కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. త్వరగా మొదలుపెడితే చూపు నిలుస్తుంది. అలాంటి మార్పు కనిపించిన రోజున కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. టాబ్లెట్ల దుకాణానికి ఆ తరువాత వెళ్ళవచ్చు.